మాత్ర మర్చిపోతే ఏం చేయాలి?

కుటుంబ నియంత్రణ సర్వేల్లో తరచూ అడిగే ప్రశ్న: ఫలానా పద్ధతి గురించి విన్నారా? విన్నామంటే చాలు, తెలిసినట్టే లెక్క. మరీ ఉదారమైన లెక్క అది. మాత్రలు వాడుతున్నామన్న మనిషిని అసలు అడగాల్సింది ఒకటుంది: రెండు రోజులు వరసగా మర్చిపోతే ఏం చేస్తారు?

ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిసిన గర్భనిరోధక మాత్రల స్ట్రిప్‌లో సాధారణంగా 21 హార్మోన్ మాత్రలు, 7 హార్మోన్ లేనివి ఉంటాయి. హార్మోన్లు అండాశయానికి మెదడు పంపే సంకేతాలను అణిచిపెట్టడంతో అండం విడుదల కాదు. ఆ పట్టు బిగియాలంటే 7 రోజులు వరసగా మాత్ర పడాలి. హార్మోన్ లేని వారంలో పట్టు సడలి, అండాలు మళ్లీ ఎదగడం మొదలెడతాయి. ఎనిమిదో రోజున కొత్త స్ట్రిప్ మొదలైతే ఆ ఎదుగుదల ఆగుతుంది. పదో రోజుకో పదకొండో రోజుకో జరిగితే? ఆలోపే అండం విడుదలకు సిద్ధమై ఉండొచ్చు. చాలామంది స్ట్రిప్ మధ్యలో ఒకటి తప్పితే హడలిపోతారు గానీ, కొత్తది ఆలస్యంగా మొదలుపెట్టడమే ఎక్కువ ప్రమాదం.

ఒక్క మాత్రే తప్పితే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. ఆ రోజుది మామూలు వేళకే. ఒకే రోజు రెండు పడ్డా పర్వాలేదు. వరసగా రెండు, అంతకంటే ఎక్కువ తప్పితే వాటిలో చివరిది మాత్రం వేసుకుని, మిగతావి వదిలేయాలి. 7 రోజులు వరసగా మాత్రలు పడేదాకా కండోమ్ తప్పనిసరి. ఇది మూడో వారంలో జరిగితే హార్మోన్ లేని మాత్రలు పక్కన పడేసి, హార్మోన్ మాత్రలు అయిపోగానే కొత్త స్ట్రిప్ అందుకోవాలి. ఆ నెల నెలసరి రాకపోవచ్చు, అందులో హాని లేదు.

మొదటి వారంలో తప్పి, అంతకుముందు 5 రోజుల్లో కలయిక జరిగి ఉంటే అత్యవసర మాత్ర గురించి ఆలోచించాలి. వీర్యకణాలు లోపల 5 రోజుల దాకా బతకగలవు మరి. లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్రను కలయిక జరిగిన 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అది అండం విడుదలను వాయిదా వేస్తుందంతే, నిలిచిన గర్భాన్ని పోగొట్టదు.

మామూలు యాంటీబయాటిక్స్‌తో చిక్కు లేదు. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమాజపిన్ మాత్రం ఈ మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. వాటిని వాడేవాళ్లు డాక్టర్‌ను అడిగి వేరే పద్ధతికి మారడం మేలు.

బాలింతలకు ఇచ్చే, ప్రొజెస్టిన్ ఒక్కటే ఉన్న మాత్రలకు ఈ లెక్క చెల్లదు. వాటిలో పాత రకాలు ముఖ్యంగా గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురును చిక్కబరుస్తాయి. ఆ ప్రభావం ఒక్క రోజులోనే తగ్గిపోతుంది, అందుకే రోజూ వేసుకునే వేళకు 3 గంటలు దాటితే మాత్ర తప్పినట్టే. మళ్లీ మొదలుపెట్టాక 2 రోజుల్లో జిగురు చిక్కబడుతుంది కాబట్టి అన్నాళ్లు కండోమ్ వాడితే సరిపోతుంది.