ఇన్‌స్టాల్ బటన్ వెనక ఏముంది: అపోహలు - వాస్తవాలు

"ఏముంది అందులో, టెర్మినల్లో కొట్టే ఒక్క లైనుకి బటన్ తగిలించడమేగా!" లైనక్స్‌లో ప్యాకేజీలు (ప్రోగ్రాముల ఫైళ్ల కట్టలు) దించి ఇన్‌స్టాల్ చేసే గ్రాఫికల్ టూల్స్ రాస్తుంటానని చెబితే తోటి ప్రోగ్రామర్లు కూడా ఈ మాటే అంటారు. వాళ్లని తప్పుపట్టలేను, మొదట్లో నేనూ అదే అనుకున్నాను. మొదటి వెర్షన్ రెండు రోజుల్లో తయారైంది. దాన్ని ఇంకొకరి చేతికి ధైర్యంగా ఇవ్వగలిగే సరికి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో ఒక్కొక్కటిగా వదిలిన అపోహలివి. నేను ఎక్కువగా పనిచేసేది డెబియన్ కుటుంబం (డెబియన్, దాని నుంచి పుట్టిన లైనక్స్ రకాలు) మీద కాబట్టి ఉదాహరణలూ అక్కడివే ఎక్కువ.

అపోహ: కమాండ్ నడిపి, అది ప్రింట్ చేసేది చదువుకుంటే సరిపోతుంది

నా మొదటి వెర్షన్ చేసింది ఇదే. డెబియన్‌లో ప్యాకేజీలు దించి ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్-గెట్ కమాండ్ నడపడం, అవుట్‌పుట్‌లో "అన్‌ప్యాకింగ్" అనే ఇంగ్లిష్ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి ప్రోగ్రెస్ బార్‌ని జరపడం. సిస్టమ్ భాష జర్మన్‌లో పెట్టుకున్న ఒకాయన దగ్గర బార్ సున్నా దగ్గరే నిలబడిపోయింది. ప్యాకేజీ మాత్రం శుభ్రంగా ఇన్‌స్టాల్ అయిపోయింది! ఆ అవుట్‌పుట్ మనుషులు చదవడానికి. భాషను బట్టి, వెర్షన్‌ను బట్టి మారుతుంది. ఆప్ట్-గెట్‌కి తోడుండే ఆప్ట్ కమాండ్‌ని స్క్రిప్టులో వాడితే దీని మీద ఆధారపడొద్దని అదే హెచ్చరిస్తుంది కూడా.

ప్రోగ్రాముల కోసం వేరే దారి ఉంది. స్టేటస్-ఎఫ్‌డీ అనే ఆప్షన్ ఇస్తే ఆప్ట్-గెట్ విడిగా ఒక పైపులోకి లైన్లు పంపుతుంది: ఏ రకం సందేశం, ఏ ప్యాకేజీ, ఎంత శాతం, ఏం జరుగుతోంది, మధ్యలో కోలన్లు. ఇంకా లోతుకి వెళ్లాలంటే, సినాప్టిక్ అనే గ్రాఫికల్ టూల్‌లా ఆప్ట్ లైబ్రరీనే నేరుగా వాడుకోవచ్చు. డిస్ట్రోకో (లైనక్స్ రకానికో) టూల్ రాయలేమనుకుంటే ప్యాకేజ్‌కిట్ ఉంది. 2007లో రిచర్డ్ హ్యూస్ మొదలుపెట్టిన ఈ సర్వీస్ ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ మీద మాట్లాడుతుంది, వెనక ఆప్ట్ ఉందా, ఫెడోరా లాంటివి వాడే డీఎన్‌ఎఫ్ ఉందా అన్నది మనకు కనపడనివ్వదు. అన్ని డిస్ట్రోలకూ ఒకే భాష అంటే, ఏ ఒక్కదానికో ప్రత్యేకమైన సదుపాయాలు కొన్ని చేతికందవు, అదొక్కటే ఇబ్బంది.

అపోహ: ఇన్‌స్టాల్ నొక్కాక యూజర్‌తో ఇక పని లేదు

నాకు ఎక్కువ నేర్పింది ఇదే. ఒకావిడ బగ్ రిపోర్ట్ పంపారు: "83 శాతం దగ్గర ఆగింది. నలభై నిమిషాలు చూశాను. పవర్ బటన్ నొక్కి ఆపేశాను. ఇప్పుడు ఏదీ ఇన్‌స్టాల్ కావట్లేదు." నెట్ సమస్య అనుకున్నాను, డిస్క్ నిండిందేమో అనుకున్నాను. లాగ్ తెప్పించి చూస్తే ఆఖరి లైన్ ఒక ప్రశ్న! ఆవిడ ఎప్పుడో చేత్తో మార్చిన ఒక కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్‌కి ప్యాకేజీలో కొత్త వెర్షన్ వచ్చింది. పాతది ఉంచాలా, కొత్తది వేయాలా, తేడా చూస్తారా అని డీపీకేజీ (ఆప్ట్ కింద ఉండి అసలు ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాం) మర్యాదగా అడిగి, ఎవరికీ కనపడని టెర్మినల్‌లో జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఇటు ఆవిడ బార్ కదలడం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. మధ్యలో ఉండాల్సిన నా టూల్ ఇద్దరికీ ఏమీ చెప్పలేదు.

డెబియన్ ప్యాకేజీలు మధ్యలో ప్రశ్నలు అడగడం మామూలే. అవి రెండు చోట్ల నుంచి వస్తాయి. కాన్ఫిగ్ ఫైళ్ల గురించి అడిగేది డీపీకేజీ. మెయిల్ సర్వర్ ఎలా పనిచేయాలి, లైసెన్స్ ఒప్పుకుంటారా లాంటివి అడిగేది డెబ్‌కాన్ఫ్ అనే ఇంకో ప్రోగ్రాం. చాలామంది పట్టుకునే షార్ట్‌కట్, డెబ్‌కాన్ఫ్ ఫ్రంటెండ్‌ని (ప్రశ్నలు చూపించే భాగాన్ని) నాన్‌ఇంటరాక్టివ్, అంటే ఏమీ అడగొద్దు, అని పెట్టేయడం. నేనూ పెట్టాను, అయినా బార్ ఆగింది. ఎందుకంటే అది డెబ్‌కాన్ఫ్ నోరు మాత్రమే మూయిస్తుంది. డీపీకేజీ ప్రశ్నకి పాత ఫైల్ ఉంచమనో కొత్తది వేయమనో విడిగా ఆప్షన్ ఇవ్వాలి. పైగా నోరు మూయించడం అంటే యూజర్ తరఫున మనమే జవాబు చెప్పేయడం. వాళ్లు కష్టపడి రాసుకున్న సెట్టింగుల మీద ఆ పెత్తనం మనకెందుకు?

ఇప్పుడు నా టూల్ స్టేటస్ పైపులో పీఎంకాన్ఫ్‌ఫైల్ (కాన్ఫిగ్ ఫైల్ ప్రశ్న వచ్చిందనే సందేశం) అన్న లైన్ కనపడగానే డైలాగ్ తెరిచి, రెండు ఫైళ్లనీ పక్కపక్కన చూపించి, జవాబు తీసుకుని వెనక్కి పంపుతుంది. సగంలో ఆగిన ప్యాకేజీలు ఉన్నాయేమో తెరవగానే చూసుకుని, ఉంటే ముందు వాటి సంగతి తేల్చమంటుంది. ఆవిడ మెషీన్ కూడా అలాగే దారికొచ్చింది, మిగిలిపోయిన కాన్ఫిగరేషన్ పూర్తి చేయమని డీపీకేజీకి ఒక్క కమాండ్ ఇస్తే.

ఫెడోరా లాంటివి వాడే ఆర్‌పీఎం ప్యాకేజీల ప్రపంచంలో ఈ గొడవ దాదాపు లేదు. అక్కడ ప్యాకేజీ స్క్రిప్టులు ప్రశ్నలు అడగకూడదు. మీరు మార్చిన ఫైల్ ఉంటే చాలా సందర్భాల్లో కొత్తదాన్ని ఆర్‌పీఎంన్యూ అనే తోకతో పక్కన పెట్టి వెళ్లిపోతుంది. టూల్ రాసేవాడికి హాయి. కానీ ఆ పక్కన పెట్టిన ఫైళ్లని తర్వాత ఎంతమంది తెరిచి చూస్తారంటారు?

అపోహ: ప్రోగ్రెస్ బార్ నిజం చెబుతుంది

సగమే చెబుతుంది. ఏ ఫైల్ ఎన్ని బైట్లో ఇండెక్స్‌లోనే (ప్యాకేజీల జాబితాలోనే) ఉంటుంది కాబట్టి డౌన్‌లోడ్ శాతం నిజమైనదే. ఇన్‌స్టాల్ శాతం మాత్రం గడిచిన దశల లెక్క, సమయం లెక్క కాదు. ఇరవై చిన్న లైబ్రరీలు కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతాయి, చివర్లో ఇనిట్ఆర్‌ఏఎంఎఫ్‌ఎస్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వాడే చిన్న ఫైల్ సిస్టమ్) తయారీ ఒక్కటే మిగతా అన్నిటికన్నా ఎక్కువసేపు తీసుకుంటుంది. "ఇంకా రెండు నిమిషాలు" అని రాయడం నేను మానేశాను.

అపోహ: టూల్ మొత్తాన్ని రూట్‌గా నడిపితే పోలా

ఒకప్పుడు అందరం చేసిన పనే. ఐకాన్లు గీసే లైబ్రరీ నుంచి ఫాంట్లు చదివే కోడ్ దాకా అంతా రూట్ (సిస్టమ్‌లో ఏదైనా చేయగల యూజర్) అధికారంతో నడిచేది. 2018లో డెబియన్ అలా రూట్‌గా విండోలు తెరిచే జీకేఎస్‌యూని తీసేసింది, తెర మీద విండోలు చూపించే కొత్త పద్ధతి వేలాండ్ వచ్చాక రూట్ విండోలు తెరవడమే తలనొప్పి అయింది. ఇప్పటి పద్ధతిలో కనపడే భాగం మామూలు యూజర్‌గా నడుస్తుంది. అసలు పని చేసే చిన్న సర్వీస్ విడిగా రూట్‌గా ఉంటుంది. అనుమతి చూసి పాస్‌వర్డ్ అడిగేది పోల్‌కిట్ అనే సర్వీస్.

ఇక్కడ నేను బోర్లాపడబోయిన చోటొకటి ఉంది. ఆ సర్వీస్‌కి నేను ప్యాకేజీ పేరు పంపేవాణ్ని, అది దాన్ని అలాగే ఆప్ట్-గెట్ కమాండ్ చివర తగిలించేది. కోడ్ చూసిన స్నేహితుడు అడిగాడు: "పేరు హైఫన్‌తో మొదలైతే?" అప్పుడు అది పేరు కాదు, ఆప్షన్ అవుతుంది. ఆప్ట్‌కి ఏ సెట్టింగునైనా కమాండ్ లైన్ నుంచే మార్చగల ఆప్షన్ ఉంది, ఆ సెట్టింగుల్లో "పని మొదలుపెట్టే ముందు ఈ కమాండ్ నడుపు" అనేవి కూడా ఉన్నాయి. అంటే ప్యాకేజీ పేరు పెట్టెలో నాలుగు ముక్కలు టైప్ చేసి, రూట్‌గా ఏదైనా నడిపించుకోవచ్చు! డెబియన్ నియమాల ప్రకారం ప్యాకేజీ పేరులో చిన్న అక్షరాలు, అంకెలు, ప్లస్, హైఫన్, చుక్క మాత్రమే ఉండాలి, మొదటిది అక్షరమో అంకో అయి తీరాలి. ఆ చెక్ సర్వీస్ వైపే ఉండాలి, విండో వైపు ఉంటే లాభం లేదు.

అపోహ: హెచ్‌టీటీపీఎస్ ఉంటే సేఫ్, లేకపోతే కాదు

డెబియన్ తరహా రిపాజిటరీల్లో (ప్యాకేజీలు ఉంచే సర్వర్లలో) భద్రతకు ఆధారం డిజిటల్ సంతకం. ఇన్‌రిలీజ్ ఫైల్ మీద సంతకం ఉంటుంది, అందులో ఇండెక్స్ ఫైళ్ల హ్యాష్‌లు (ఫైళ్ల వేలిముద్రల లాంటివి), ఆ ఇండెక్స్‌లో ఒక్కో ప్యాకేజీ హ్యాష్. దారిలో ఎవరైనా ఒక్క బైటు మార్చినా గొలుసు తెగుతుంది. అలాగని హెచ్‌టీటీపీఎస్ దండగ అనను. 2019లో ఆప్ట్ దారిమళ్లింపులను చూసుకునే కోడ్‌లోనే తీవ్రమైన లోపం బయటపడింది, అలాంటప్పుడు రెండో తాళం ఉండటమే మంచిది.

ఎక్కడో వెబ్‌సైట్ నుంచి దించుకున్న డెబ్ ఫైల్‌కి (డెబియన్ ప్యాకేజీకి) ఈ గొలుసేమీ ఉండదు. దాన్ని డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ చేస్తే లోపలి స్క్రిప్టులు నేరుగా రూట్‌గా నడుస్తాయి. అందుకే నా టూల్‌లో రిపాజిటరీ ప్యాకేజీకీ, విడి డెబ్ ఫైల్‌కీ ఒకే రకం విండో ఉండదు.

అపోహ: నెట్ లేని మెషీన్‌కి డెబ్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే చాలు

తీసుకెళ్లాక తెలుస్తుంది, అది నడవడానికి ఇంకో పదకొండు ప్యాకేజీలు కావాలని. ఏవేవి కావాలో నిర్ణయించేది ఆ నెట్ లేని మెషీన్‌లో ఇప్పటికే ఏమున్నాయన్నది. కాబట్టి ప్రయాణం అక్కడి నుంచే మొదలవ్వాలి. సినాప్టిక్‌లో ఈ సదుపాయం ఎప్పటినుంచో ఉంది, చాలామంది చూడరు: కావలసినవి గుర్తుపెట్టి, ఫైల్ మెనూలో డౌన్‌లోడ్ స్క్రిప్ట్ తయారు చేయించుకుని, దాన్ని నెట్ ఉన్న మెషీన్‌లో నడిపి, దిగిన ఫైళ్లను వెనక్కి తెచ్చి చేర్చవచ్చు. ఆప్ట్-ఆఫ్‌లైన్ కూడా ఇదే పని ఇంకాస్త వివరంగా చేస్తుంది.

అపోహ: లాక్ ఎర్రర్ వస్తే ఆ ఫైల్ డిలీట్ చేసేయాలి

వద్దు. ఒక ప్రోగ్రాం ప్యాకేజీలను మారుస్తుండగా ఇంకోదాన్ని ఆపేదే ఈ లాక్. ఇంటర్నెట్ నిండా ఉన్న ఈ సలహా ఎన్ని మెషీన్లను పాడు చేసిందో. ఫైల్ ఉన్నంత మాత్రాన లాక్ ఉన్నట్టు కాదు, నడుస్తున్న ప్రాసెస్ తరఫున కెర్నల్ దాన్ని పట్టుకుని ఉంటుంది. చాలాసార్లు అది వెనకాల నడుస్తున్న ఆటోమేటిక్ అప్‌డేట్. ఫైల్ తీసేస్తే రెండు ప్రోగ్రాములు ఒకేసారి ఒకే డేటాబేస్‌లో రాస్తాయి. టూల్ చేయాల్సింది ఎవరు పట్టుకున్నారో పేరు చెప్పి, ఆగడం.

అపోహ: గ్రాఫికల్ టూల్ కొత్తవాళ్లకి, తెలిసినవాళ్లకి టెర్మినల్

2021లో పాప్ ఓఎస్ అనే లైనక్స్ మీద ఒక ప్రముఖ యూట్యూబర్ స్టీమ్ (ఆటల యాప్) ఇన్‌స్టాల్ చేయబోతే గ్రాఫికల్ స్టోర్ కుదరదంది. కారణం అర్థమయ్యేలా చెప్పలేదు. ఆయన టెర్మినల్‌కి వెళ్లాడు. అది తీసేయబోయేవాటి పొడవాటి జాబితా చూపించి, నిజంగా కావాలంటే ఫలానా వాక్యం టైప్ చేయమంది. టైప్ చేశాడు, డెస్క్‌టాప్ మొత్తం పోయింది. తర్వాత ఆప్ట్ ఇలాంటి తొలగింపులను మరింత కఠినం చేసింది.

అందరూ ఆయన్ని తిట్టారు, నాకు మాత్రం నా సొంత ఎర్రర్ విండో గుర్తొచ్చింది. అందులో అప్పట్లో "విఫలమైంది, కోడ్ 100" అని మాత్రమే ఉండేది. ఆప్ట్-గెట్‌లో ఏ పొరపాటు జరిగినా వచ్చేది 100నే. ఇప్పుడు అదే విండోలో ముందు ఏవి పోతాయో పేర్లు ఎర్రగా, వాటి కింద ఏ ప్యాకేజీ వల్ల పోతాయో, ఆ కింద "రద్దు" బటన్ ఒక్కటే. "అయినా కానివ్వు" అనే బటన్ కూడా పెట్టమని అడుగుతూనే ఉన్నారు. ఇంకా పెట్టలేదు.