నీటి పట్టు, మిరప ఘాటు

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి ఆ మేరకు తక్కువ కాబట్టి ఇక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. నెల్లూరు నుంచి వచ్చి కాపురం పెట్టినవాళ్లకు కుక్కర్ లేకపోతే కందిపప్పు ఆలస్యంగా ఉడుకుతుంది. ఆ మూడు డిగ్రీల తేడా అర్థం కావడం సులువే. చిక్కంతా మిగతా 97 డిగ్రీల దగ్గరే. అణువు బరువే లెక్కయితే నీరు గది వేడిలో ఆవిరిగా ఉండాలి.

ఆవర్తన పట్టికలో ఆక్సిజన్ కిందిది గంధకం. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అణువు నీటి అణువుకు దాదాపు రెట్టింపు బరువు. అయినా మైనస్ 60కే మరిగిపోతుంది. ఆ కింద ఉన్న సెలీనియం హైడ్రోజన్‌తో కలిసిన సమ్మేళనం మైనస్ 41కి, టెలూరియంది మైనస్ 2కి. బరువుతో పాటు మరుగు స్థానం పెరుగుతోంది. పెద్ద అణువుల్లో ఎలక్ట్రాన్ల మేఘం తేలిగ్గా అటూ ఇటూ ఒరిగి, పక్క అణువును ఆకర్షిస్తుంది. దీన్ని 1930లో ఫ్రిట్జ్ లండన్ క్వాంటమ్ సిద్ధాంతంతో వివరించాడు. ఈ వరసన నీరు మైనస్ 70, 80ల దగ్గర మరగాలి.

మరగదు, ఎందుకంటే ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను గట్టిగా తనవైపు లాక్కుంటుంది. కొంత ధనావేశం మిగిలిన హైడ్రోజన్ పొరుగు అణువులోని ఆక్సిజన్ వైపు మొగ్గుతుంది. అదే హైడ్రోజన్ బంధం. అణువు లోపలి బంధంతో పోలిస్తే దాని బలం సుమారు ఇరవయ్యో వంతే. కానీ ఒక్కో అణువు నలుగురు పొరుగువారితో ఇలా ముడిపడగలదు.

బెంగళూరులో ఆంధ్ర భోజన హోటళ్లకు కొదవ లేదు. గొడ్డుకారం తిని గటగటా నీళ్లు తాగే కొత్తవాళ్లకూ కొదవ లేదు. వాళ్లకు ఉపశమనం దొరకదు. మిరపకు ఘాటునిచ్చే కాప్సైసిన్‌కు కార్బన్, హైడ్రోజన్‌లతో కూడిన, నూనె లాంటి పొడవాటి తోక ఉంది. నీటికీ నూనెకూ పడదంటారు గానీ, నాకు ఆ మాట నచ్చదు. వాటి మధ్యా ఆకర్షణ ఉంది. అయితే ఆ తోకకు హైడ్రోజన్ బంధం చేతకాదు. తమలో తాము ముడి వీడకుండా దాని చుట్టూ సర్దుకోవాలంటే నీటి అణువుల కదలిక కట్టడి అవుతుంది. అందుకే దాన్ని బయటికి నెట్టేస్తాయి. నూనెలో ఆ ఇబ్బంది లేదు. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె అంత ఘాటుగా ఉండేది ఇందుకే. నోరు మండితే పెరుగు మేలు; అందులోని కొవ్వు, కేసిన్ అనే ప్రోటీన్ కాప్సైసిన్‌ను పట్టుకుంటాయి. ఒంటినిండా ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలున్న పంచదార మాత్రం నీటిలో ఇట్టే కలిసిపోతుంది.

ఈ హైడ్రోజన్ బంధానికి 2011లో అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంస్థ ఐయూపాక్ కొత్త నిర్వచనం ఇచ్చింది. ఆ బృందానికి సారథి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యుడు ఇ. అరుణన్. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పనిచేసి ఇక్కడికి వచ్చిన గౌతమ్ దేశిరాజు కూడా అందులో సభ్యుడే. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు హైడ్రోజన్ బంధం లేదని పాఠ్యపుస్తకాలు చాలాకాలంగా చెబుతున్నాయి. మంచుగడ్డలో నీటి అణువు చుట్టూ నాలుగు పొరుగు అణువులుంటే, గడ్డకట్టిన హైడ్రోజన్ సల్ఫైడ్‌లో పన్నెండు ఉంటాయి మరి. 2018లో అరుణన్ బృందం, విదేశీ సహచరులతో కలిసి, అతిశీతల స్థితిలో రెండే రెండు హైడ్రోజన్ సల్ఫైడ్ అణువుల జంటను పరిశీలించింది. ఒకదాని హైడ్రోజన్ రెండోదాని గంధకం వైపు, అచ్చం నీటి అణువుల జంటలో లాగే, తిరిగి ఉంది. బంధం ఉంది, కాకపోతే కాస్త వేడి తగిలితే చాలు, నిలవదు.