గ్రాఫిక్స్ కార్డు వేడి గురించి పిల్లలకు

చిరంజీవులైన పిల్లలిద్దరికీ పెదనాన్న ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. కంప్యూటర్‌లో ఆట మొదలుపెట్టిన కాసేపటికే, తెర మీది బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు 84 డిగ్రీలు చూపిస్తోందనీ, కాలిపోతుందేమోనని భయంగా ఉందనీ, ఇంకో రెండు ఫ్యాన్లు కొనమంటారా అనీ అడిగారు. ముందు భయం తీరుస్తాను. మీ దగ్గరున్న ఆర్‌టీఎక్స్ 3060 కార్డుకి, అందులోని చిప్పును రూపొందించిన ఎన్విడియా సంస్థ ప్రకటించిన గరిష్ఠ ఉష్ణోగ్రత 93 డిగ్రీలు. 84 దగ్గర కార్డు కాలిపోదు, కానీ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆట మధ్యలో బొమ్మ తడబడటానికి ఇదీ ఒక కారణం కావచ్చు. 65 నుంచి 80 మధ్య ఉంటే నిశ్చింతగా ఆడుకోండి. ఫ్యాన్లు మాత్రం ఇప్పుడే కొనవద్దు.

ఎందుకంటే, ఆ కార్డు పూర్తి పనిలో ఉన్నప్పుడు దాదాపు 170 వాట్లు తీసుకుంటుంది. తీసుకున్నదంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. పాతకాలపు 100 వాట్ల బల్బులు రెండు ఒక పెట్టెలో వెలిగించి మూత పెట్టినట్లే. ఫ్యాన్లు ఆ వేడిని ఒకచోటి నుంచి మరోచోటికి నెడతాయి తప్ప తగ్గించవు. కాబట్టి అక్కర్లేని వేడి అసలు పుట్టకుండా చూడటమే మొదటి పని. దానికి రూపాయి ఖర్చు లేదు.

మీ మానిటర్ 60 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు అరవైసార్లే బొమ్మను మారుస్తుంది. కార్డు సెకనుకు 140 ఫ్రేములు, అంటే 140 బొమ్మలు గీస్తుంటే అందులో సగానికి పైగా శ్రమ మీకు కనిపించకుండానే వేడిగా మారిపోతుంది. ఆట సెట్టింగుల్లో గానీ, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో గానీ ఫ్రేములకు 60 అని పరిమితి పెట్టండి. కాల్పుల పోటీ ఆటల్లో ఫ్రేములు ఎక్కువుంటే మీట నొక్కిన స్పందన త్వరగా అందుతుందని మీ స్నేహితులు చెప్పేది నిజమే. కానీ మీరు ఎక్కువగా ఆడే కారు పందేలకు ఆ తేడా కోసం ఇంత వేడిని భరించాల్సిన పని లేదని నా అభిప్రాయం.

మెనూ తెర దగ్గర కూడా జాగ్రత్త అవసరం. అక్కడ గీయడానికి పెద్దగా ఏమీ ఉండదు కనుక, హద్దు లేకపోతే కార్డు వందల ఫ్రేములు గీసేస్తుంది. 2021లో అమెజాన్ వారి ‘న్యూ వరల్డ్’ ఆట పరీక్షాదశలో ఉండగా కొందరి ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు పాడయ్యాయి. ఆ తరువాత మెనూ తెరకు ఫ్రేముల పరిమితి పెట్టారు. పాడైన కార్డుల్లో టంకం లోపం ఉందని వాటిని తయారుచేసిన సంస్థ చెప్పింది. అంటే మంచి కార్డు మెనూ చూసినంత మాత్రాన చెడిపోదు. అయినా ఆట ఆపి అన్నానికి లేచేటప్పుడు మెనూను అలా వదిలేయకుండా పూర్తిగా మూసేయండి.

రెండో ఉపాయం వోల్టేజి తగ్గించడం. నాకు ఇది చాలా ఇష్టమైన విషయం, మీరు చదువుకుంటున్న భౌతికశాస్త్రమే ఇక్కడ పనికొస్తుంది. చిప్పు పనిచేసేటప్పుడు ఖర్చయ్యే శక్తి వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. 1 వోల్టును 0.9కి తగ్గిస్తే, వేగం మారకపోయినా ఆ శక్తి 0.81 వంతుకు, అంటే 19 శాతం దిగుతుంది. తయారీదారులు ప్రతి చిప్పూ తప్పకుండా పనిచేయాలని వోల్టేజిని కాస్త ఎక్కువగానే ఉంచుతారు, ఆ మిగులును మనం వాడుకోవచ్చు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రాం ఏ కంపెనీ కార్డుతోనైనా పనిచేస్తుంది. కంట్రోల్, ఎఫ్ మీటలు కలిపి నొక్కితే వోల్టేజి గీత కనిపిస్తుంది. కొద్దికొద్దిగా తగ్గిస్తూ, తగ్గించిన ప్రతిసారీ చాలాసేపు ఆడి చూడండి. ఆట ఆగిపోతే ఒక మెట్టు పైకి రండి. అది కష్టమనిపిస్తే అదే ప్రోగ్రాంలో పవర్ లిమిట్‌ను, అంటే కార్డు తీసుకోగల విద్యుత్తు హద్దును, 80 శాతానికి దించండి, వేగంలో పోయేది సాధారణంగా కొంచెమే.

ఇక కేబినెట్, అంటే కంప్యూటర్ పెట్టె. పక్క పలక తీసి అదే ఆట, అంతే సేపు ఆడండి. పలకతో ఉన్నప్పటి కంటే ఐదారు డిగ్రీలకు పైగా తగ్గితే లోపం కార్డుది కాదు, లోపలికి గాలి అందడం లేదని అర్థం. ముందువైపు ఫ్యాను గాలి పీల్చాలి, వెనుకదీ పైదీ బయటికి వదలాలి. ఫ్యానుకు ఆధారపు పుల్లలు కనిపించే వైపు నుంచి గాలి బయటికి వస్తుంది, తిరగేసి బిగించారేమో దాన్నిబట్టి చూసుకోండి. మీ కేబినెట్ బల్ల కింద మూసిన అరలో ఉందని రాశారు. దాన్ని ఇవాళే బయటికి తీయండి. మీ ఖమ్మంలో మే నెలలో గది ఎంత వేడెక్కితే కార్డూ దాదాపు అంత పైకి వెళ్తుంది, జనవరి అంకెలతో పోల్చుకుని కంగారు పడవద్దు. నీళ్ల కూలర్ గాలి మాత్రం నేరుగా కంప్యూటర్ మీదికి తిప్పవద్దు, తేమ మంచిది కాదు.

దుమ్ము దులిపేటప్పుడు ప్లగ్గు పీకేయండి. బ్లోయర్ గాలి కొడుతున్నప్పుడు కార్డు ఫ్యాను రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే బేరింగులు దెబ్బతింటాయి. తడిగుడ్డ వద్దు. ఖాళీగా ఉన్నప్పుడు ఫ్యాన్లు తిరగడం లేదని బెంగపడవద్దు, చాలా కార్డుల్లో 50 డిగ్రీలు దాటాకే అవి మొదలవుతాయి.

ఇవన్నీ చేశాక కూడా 84 దిగకపోతే, చిప్పుకూ, దాని వేడిని లాగే లోహపు భాగమైన హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పేస్టు ఎండిపోయి ఉండవచ్చు. వారంటీ ఉంటే స్క్రూలు ముట్టుకోకుండా కార్డు కంపెనీ వాళ్లకే పంపండి. అది తీరిపోయి ఉంటే నేను దసరాకు వచ్చినప్పుడు ముగ్గురం కలిసి విప్పుదాం. ఈలోగా ఏ మార్పుకు ఎన్ని డిగ్రీలు తగ్గిందో, అప్పుడు గది ఎంత వేడిగా ఉందో పక్కపక్కనే రాసి నాకు పంపండి.

మీ పెదనాన్న