ఎనిమిది గ్లాసుల లెక్క ఎక్కడిది, మా కనిగిరి సైడు అది ఎందుకు సరిపోదు

ఎండలు మొదలైతే చాలు వాట్సాప్‌లో అదే మెసేజు, రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్ళు తాగాల్సిందే అని. పోయిన మే నెలలో మా అత్త అది చూసి వంటింటి గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసుకుంటా వచ్చింది, గ్లాసుకి ఒక గీత. రాత్రి తొమ్మిదికి "ఇంకా మూడు బాకీ ఉండాయి నాయనా" అని దాహం లేకపోయినా తాగేది. అది చూసినాక అసలు ఈ లెక్క ఎక్కడ పుట్టిందో చూద్దామని కూర్చున్నా.

1945లో అమెరికాలో ఫుడ్ అండ్ న్యూట్రిషన్ బోర్డు అనే సంస్థ, పెద్దవాళ్ళకి రోజుకి సుమారు 2.5 లీటర్ల నీళ్ళు కావాలని రాసింది, తినే ప్రతి క్యాలరీకి ఒక మిల్లీలీటరు చొప్పున. ఆ వెంటనే ఇంకో మాట కూడా రాసింది, ఇందులో ఎక్కువ భాగం తినే తిండిలోనే ఉంటదని. జనం మొదటి మాట పట్టుకుని రెండోది వదిలేశారు, ఎనిమిది గ్లాసుల లెక్క అట్టా పుట్టిందంటారు. అన్నం, చారు, మజ్జిగ, పుచ్చకాయ, టీ, వీటన్నిటిలో నీళ్ళే కదా ఉండేది. 2002లో హైంజ్ వాల్టిన్ అనే ప్రొఫెసరు, కిడ్నీల మీద జీవితమంతా పనిచేసిన మనిషి, ఎనిమిది గ్లాసులకి సైంటిఫిక్ ఆధారం ఎంత వెతికినా దొరకలేదని రాశాడు. అయితే ఆయన చెప్పింది చల్లటి ఊళ్ళో కూర్చుని పనిచేసుకునే ఆరోగ్యవంతుల గురించి, ఎండలో కూలికి పోయేవాళ్ళ గురించి కాదు. మన హైదరాబాద్ ఎన్.ఐ.ఎన్. (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు కూడా 2011 గైడ్‌లైన్స్‌లో మామూలు మనిషికి సుమారు 2 లీటర్లు అనే చెప్పి, ఎండ ఎక్కువైనా ఒళ్ళు వంచి పనిచేసినా ఇంకా పెరుగుద్దని పక్కనే రాశారు.

ఇక మా దగ్గరికొస్తే కథ వేరే. ఇక్కడ ఎన్ని గ్లాసులు అనే దానికన్నా ముందు ఏ నీళ్ళు అని అడగాల.

1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి, అంటే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు గురించి రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి, తర్వాత దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. మన దేశంలో ఈ జబ్బు మొదట బయటపడింది ఈ నేల మీదే. డాక్టర్లకన్నా ముందు రైతులు గమనించారంటారు, ఎద్దులు కుంటతా కాడి మొయ్యలేకపోతుంటే. భూమిలోపల రాళ్ళలో ఉండే ఫ్లోరైడ్ కరిగి నీళ్ళలో కలుస్తది. చిన్నప్పట్నుంచి ఆ నీళ్ళు తాగితే పళ్ళకి గార, ఏళ్ళ తరబడి ఎక్కువగా తాగితే కీళ్ళు, వెన్ను బిగుసుకుపోతాయి. మా నాయనమ్మ చివరి రోజుల్లో పక్కకి చూడాలంటే మెడ తిరిగేది కాదు, మనిషి మొత్తం తిరిగేది.

ఇప్పుడు లెక్క చూడండి, నాకు బాధ కలిగేది ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటది. తాగే నీళ్ళ ప్రమాణాలకి మామూలుగా ఆ సంస్థ వేసుకునే అంచనా పెద్దమనిషికి రోజుకి 2 లీటర్లు, అంటే 3 మిల్లీగ్రాములు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రోజంతా పొయ్యి సెగలో నిలబడే మనిషి 2 లీటర్లతో బతుకుతాడా? 6 లీటర్లు తాగాడనుకోండి, అవే నీళ్ళతో 9 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోయినట్టే. రోజుకి 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకి ముప్పు పెరిగే సూచనలున్నాయని అదే సంస్థ చెప్పింది. తాగకపోతే వడదెబ్బ, కిడ్నీలో రాళ్ళు, తాగితే ఫ్లోరైడ్. ఆ మనిషికి పోయి ఎనిమిది గ్లాసుల మెసేజు చూపించి ఏం లాభం?

కాచి తాగితే పోద్ది అనుకునేవాళ్ళు ఇంకా ఉండారు, పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుద్ది. పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతి అని నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పరిశోధన సంస్థ తయారుచేసిన విధానం ఉంది కానీ దాన్ని రోజూ కొలతగా చెయ్యాల, అడుగున తేరిన మడ్డిని జాగ్రత్తగా తీసి పారెయ్యాల, ఇంట్లో అంత ఓపిక ఎవరికుంటది.

మా ఇంట్లో ఇప్పుడు ఇరవై లీటర్ల క్యాన్ వస్తది, తాగేదానికి అదే. అత్త గీతలు చెరిపేసింది, ఒంటేలు ముదురు పసుపుగా వస్తే ఇంకో చెంబు తాగు అని డాక్టరు చెప్పాడంట, అదే పట్టుకుంది. కానీ 1945లో జనం వదిలేసిన ఆ రెండో మాట నన్ను వదల్లేదు, తిండిలో నీళ్ళు కూడా లెక్కే అన్నది. మా వీధిలో చానా ఇళ్ళల్లో తాగేది క్యాన్ నీళ్ళే, బియ్యం ఎసరుకి, పప్పుకి మాత్రం క్యాన్ ఖర్చెందుకులే అని ఇంకా బోరు నీళ్ళే పోస్తా ఉండారు.