వక్కాకు సంచి నుంచి జంట పొట్లాల దాకా

తిరుమల కొండ మీద పొగాకు నిషేధం. అలిపిరి తనిఖీ దగ్గర సంచులు వెతికి బీడీ కట్టలు, ఖైనీ, గుట్కా పొట్లాలు తీసి పక్కన పడేస్తారు. ఎవరూ పెద్దగా గొడవపడరు. దర్శనమయ్యేదాకా అవి లేకుండానే గడుపుతారు. కిందికి దిగాక బస్టాండు దాటకముందే, ఏదో ఒక బంకులో దండలా వేలాడే పొట్లాల్లోంచి ఒకటి చించుకుంటారు. నోటి క్యాన్సర్ గురించి మన ఊళ్లో ఏం మాట్లాడుకున్నా ఆ దండ దగ్గరికే వచ్చి ఆగుతుంది. అది అక్కడికి ఎట్లా చేరిందో తెలియాలంటే మాత్రం చాలా వెనక్కి పోవాలి.

నేనైతే మా అవ్వ వక్కాకు సంచి దాకా పోతాను. నడుముకు దోపుకునే గుడ్డ సంచి అది. తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు ఒక అరలో, వక్కలు ఇంకో అరలో, చిన్న ఇత్తడి సున్నపు డబ్బీ, అన్నిటికీ అడుగున పొగాకు కాడ. అన్నం తిన్నాక గడప మీద కూర్చుని ఆకు తొడిమ గిల్లేది, ఈనె తీసేది, వెనకవైపు చూపుడువేలితో సున్నం పూసేది. వక్క పెట్టి మడిచాక, ఆఖరున కాడలోంచి గోరంత ముక్క తుంచి కలిపేది. అంతా కలిపి ఎడమ బుగ్గన. ఎప్పుడూ ఎడమ బుగ్గే. కొన్ని రాత్రులు నిద్రలో కూడా తీసేది కాదు. బుగ్గ లోపల తెల్లటి అట్టలాంటి మచ్చ ఒకటి ఉండేది. అడిగితే ‘సున్నం కాలిందిలే నాయనా’ అనేది.

ఆ సంచిలోని సరుకంతా ఒకేసారి వచ్చింది కాదు. ఆకు, వక్క, సున్నం మనకు అనాదిగా ఉన్నవే. 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ తాంబూలాన్ని తెగ మెచ్చుకుని రాసిపెట్టాడు. అప్పటికి మన దేశంలో పొగాకు మొక్కే లేదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చిందది. 1604-05 ప్రాంతంలో అసద్ బేగ్ అనే మొగలు అధికారి బీజాపూర్ నుంచి దాన్ని తీసుకుపోయి అక్బరుకు చూపించాడు. చక్రవర్తి ఒక దమ్ము పీల్చబోతే హకీము వారించాడట. మన దేశంలో పొగాకు మీద మొదటి వైద్య సలహా అదేనేమో. ఎవరూ విన్నట్టు లేదు. తరవాత చుట్టగా, నశ్యంగా, చివరికి తాంబూలంలో తోడుగా అది ఇంటింటికీ చేరింది. పెళ్లి తాంబూలంలో ఇప్పటికీ పొగాకు పెట్టరు, గమనించారా? దేవుడి ముందు పెట్టే ఆకూవక్కల్లోనూ ఉండదు. అది బయటినుంచి వచ్చిందని మన ఆచారానికి గుర్తుంది కానీ మన బుగ్గకు గుర్తులేదు.

జబ్బు కూడా కొత్తది కాదు. రాచపుండు అన్నారు, పుట్టకురుపు అన్నారు. ఫలానా దానివల్ల వస్తుందని లెక్కగట్టి చెప్పింది మాత్రం మన పక్కనుంచే. 1902లో మద్రాసు జనరల్ ఆసుపత్రి సర్జన్ నిబ్లాక్, బుగ్గలో పుట్టే క్యాన్సర్‌కూ తాంబూలం నమిలే అలవాటుకూ ముడి ఉందని రాశాడు. మన ప్రాంతం అప్పుడు ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోదే. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, అంటే ఆ మాట బయటికొచ్చిన తొమ్మిదేళ్లకు. కేరళ వైపు తిరువాంకూరులో పనిచేసిన బెంటల్ అనే డాక్టరు 1908లో 1,700 క్యాన్సర్ కేసుల వివరాలు అచ్చు వేశాడు. 1933లో ఇయాన్ ఆర్ అనే డాక్టరు అక్కడి రోగులనే చూసి తాంబూలంలోని పొగాకు మీదే వేలు పెట్టి చూపించాడు. ముద్దను గంటల తరబడి ఒకే చోట దాచుకోవడమే అసలు తంటా అని ఆయన గమనించాడు. ఇది చదివినప్పుడల్లా నాకు అవ్వ ఎడమ బుగ్గే గుర్తొస్తుంది.

తెలుగు నేల మీద దీనికి ఇంకో రూపం ఉంది. ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా ఆడవాళ్లు, చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అడ్డపొగ అంటారు. క్యాన్సర్ అంగిట్లో పుడుతుంది. 1945లో ఖనోల్కర్, సూర్యాబాయి అనే పరిశోధకులిద్దరూ దీని మీద రాశారు. 1966లో టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ దంత పరిశోధకులు దేశంలో ఐదు జిల్లాలు ఎంచుకుని 50 వేల మంది పల్లెవాసుల నోళ్లు తెరిపించి చూశారు. ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. తరవాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36 వేల పైచిలుకు పొగాకు వాడకందార్లను ఎంచుకుని, ఏళ్ల తరబడి ఇళ్లకు పోయి, మానెయ్యమని చెప్పి చూశారు. 1986లో ఫలితం వచ్చింది. మానేసిన వాళ్లలో, క్యాన్సర్‌కు ముందు కనబడే తెల్ల మచ్చలు కొత్తగా పుట్టడం తగ్గింది. మందు లేదు, కత్తి లేదు, మాటతోనే తగ్గింది. ఇంత పెద్ద సంగతి మన భాష మాట్లాడే పల్లెల్లో తేలితే, మన బడి పుస్తకాల్లో నాకైతే ఎక్కడా కనబడలేదు.

సర్కారు సంగతి వేరే కథ. 1975లో పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. ఒకటి పొగాకు బోర్డు చట్టం, పంట పెంచడానికీ ఎగుమతికీ. ఆ బోర్డు గుంటూరులోనే పెట్టారు. రెండోది సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక అచ్చువేయాలని. ఒకే ఏడాది, ఒకే సభ. పైగా ఆ హెచ్చరిక సిగరెట్టుకే. అవ్వ కాడకు ఏ హెచ్చరికా లేదు, దాన్ని అంగట్లో కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్లు.

సరిగ్గా ఆ పదేళ్లలోనే పాన్ మసాలా వచ్చింది. ఆకు పోయింది. ఎండు వక్క పొడి, కాచు, సున్నం, సువాసన, దాంట్లో పొగాకు కలిపితే గుట్కా. సంచి అక్కర్లేదు, డబ్బీ అక్కర్లేదు, చించి నోట్లో పోసుకోవడమే. అవ్వ తాంబూలం చుట్టుకోవడానికి పది నిమిషాలు పట్టేది, ఆ పది నిమిషాలే రోజుకు ఎన్ని వేసుకోవాలో అదుపు చేసేవి. పొట్లం ఆ అదుపును తీసేసింది. అవ్వ రోజుకు నాలుగు వేసుకుంటే మా చిన్నాయన ఇరవై పొట్లాలు చించేవాడు.

ఆకు పోయి వక్క పెరగడంతో ఇంకో జబ్బు మీదికొచ్చింది. బుగ్గ లోపలి పొర నారలా బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. కెన్యాలో ఉన్న ఐదుగురు భారతీయ స్త్రీలలో ష్వార్ట్జ్ దీన్ని 1952లో వర్ణించాడు. మరుసటి ఏడు జోషి అనే మన డాక్టరు దానికి పేరు పెట్టాడు, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అని. వక్కలోని అరెకోలిన్ అనే రసాయనం, రాగి కలిసి నార పెంచుతాయి. ఒకసారి బిగుసుకుంటే మానేసినా పూర్తిగా వదలదు. అది క్యాన్సర్‌కు ముందుమెట్టు. ‘నేను పొగాకు వేసుకోను, ఉత్త వక్కే’ అనే వాళ్లు మన దగ్గర చాలామంది. తాంబూలంలో పొగాకు ఉంటే క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1985లో తేల్చింది. పొగాకు లేని తాంబూలం, ఉత్త వక్క కూడా తెస్తాయని 2004లో చెప్పింది. ఆ రెండో మాట మన చెవికి ఇంకా ఎక్కలేదు.

నిషేధాల కథ చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. మహారాష్ట్ర, తమిళనాడులతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా ఆహార కల్తీ చట్టం కింద గుట్కాను ఆపబోయింది. 2004 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టేసింది. ఆ చట్టం కింద రాష్ట్రాలకు ఆ అధికారం లేదంది. అదే ఏడాది మేలో కేంద్ర పొగాకు చట్టం అమల్లోకి వచ్చింది. బడికి వంద గజాల లోపల అమ్మకూడదు, 18 ఏళ్లలోపు వాళ్లకు ఇవ్వకూడదు. పెట్టెల మీద బొమ్మలు 2009 మే 31 నుంచి వచ్చాయి. 2011 ఆహార భద్రత నిబంధనలు తినే వస్తువులో పొగాకు కలపకూడదన్నాయి. దాని ఆసరాతో రాష్ట్రాలు వరసగా నిషేధించాయి, మనం 2013లో. అయితే ఆ చట్టం కింద ఒక ఉత్తర్వు ఏడాదికి మించి నిలవదు, ఏటా కొత్తది ఇవ్వాలి.

అమ్మేవాడికి దారి దొరకడానికి ఏడాది కూడా పట్టలేదు. ‘కలపకూడదు’ అన్నారు కదా, కలపలేదు. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం. రెండూ పక్కపక్కనే వేలాడతాయి. కొన్నవాడే అరచేతిలో కలుపుకుంటాడు. అంటే అవ్వ సంచిలో విడివిడిగా ఉన్న సరుకు మళ్లీ విడిపోయింది, ఆకు ఒక్కటే తిరిగి రాలేదు.

మా చిన్నాయన మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఎవరు మానమన్నా ఆయనకు ఒకటే జవాబు: ‘మీ అవ్వకేమైంది? డెబ్భై దాటి బతకలేదా?’ నిజమే, అవ్వ పోయింది వేరే జబ్బుతో. తెల్ల మచ్చ ఉన్న ప్రతివాళ్లకూ క్యాన్సర్ రాదు. ఎవరికి వస్తుందో మచ్చను చూసి చెప్పలేకపోవడమే దాని చెడ్డతనం. చిన్నాయనకు కింది దవడ పన్ను కదిలింది. పీకించుకున్నాడు. గుంట పూడలేదు. పన్ను పీకిన డాక్టరే రెండు నెలలు యాంటీబయాటిక్‌లు మింగించాడు. కారం తగిలితే మంట, చెవిలోకి లాగే నొప్పి. చివరికి పెద్దాసుపత్రికి తీసుకుపోతే డాక్టరు ‘పెద్దాయనా, నోరు బాగా తెరువు’ అన్నాడు. ‘ఇంతే తెరుచుకుంటుంది సారూ’ అన్నాడు చిన్నాయన. డాక్టరు తన మూడు వేళ్లు నిలువుగా పెట్టబోతే ఒకటిన్నర పట్టింది. ముక్క తీసి పరీక్షకు పంపాలంటే మా అత్త ఒప్పుకోలేదు. కత్తి తగిలితే పాకుతుందని ఆమె భయం. మన జిల్లాలో ఈ మాట వినని ఇల్లు లేదు. బయాప్సీ వల్ల పాకదు. ఈ భయంతో పోగొట్టుకునే నెలల్లోనే అది మెడలోకి పాకుతుంది. చిన్నాయనకు దవడ సగం తీసేశారు. ఇప్పుడు సంకటి ముద్దను గోలీకాయంత చేసుకుని మింగుతాడు.

ఆయన నోట్లో కనబడినవన్నీ ముందే కనబడేవే. రెండు వారాలు దాటినా మానని పుండు, రుద్దినా పోని తెల్ల మచ్చ, అంతకంటే ప్రమాదమైన ఎర్రటి మెత్తటి మచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను, పెదవికో నాలుకకో తిమ్మిరి, మెడలో గడ్డ. మొదట్లో నొప్పి ఉండదు, అందుకే ఎవరూ లెక్కచేయరు. వెలుతురులో అద్దం ముందు నిలబడి పెదవి తిప్పి, బుగ్గ లాగి, నాలుక పక్కలూ దాని అడుగూ చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. మన దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది బుగ్గకూ చిగురుకూ మధ్య సందులో, అంటే ముద్ద దాచుకునే చోటే. పొగాకుకు మద్యం తోడైతే ప్రమాదం కూడిక కాదు, గుణకారం.

ఒకప్పుడు మన వాళ్లు వేలూరుకో, ముత్తులక్ష్మి రెడ్డి 1954లో మొదలుపెట్టిన అడయారు క్యాన్సర్ సంస్థకో పోయేవాళ్లు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి 1993లో వచ్చింది. టాటా ట్రస్టుల సాయంతో శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి 2022 మేలో మొదలైంది. వైద్యానికి రైలెక్కాల్సిన పని చాలావరకు తప్పింది. కానీ 2020లో దేశంలో కొత్తగా నోటి క్యాన్సర్ వచ్చినవాళ్లు సుమారు 1.35 లక్షలని అంచనా, వాళ్లలో ఎక్కువమంది ముదిరాకే వస్తారు.

తొందరగా పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదని తేల్చింది తిరువనంతపురం. 1996లో మొదలుపెట్టి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు టార్చి లైటుతో ఇంటింటా నోళ్లు చూశారు. 2005లో అచ్చయిన ఫలితం ప్రకారం పొగాకు, మద్యం వాడేవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. 30 ఏళ్లు దాటినవాళ్లకు ఐదేళ్లకోసారి నోరు పరీక్షించాలని 2016లో కేంద్రం కూడా పద్ధతి పెట్టింది. మానాలనుకునేవాళ్లకు 1800-11-2356 అనే ఉచిత నంబరు ఉంది. చిన్నాయనతో నేనే ఫోను చేయించాను, ఆపరేషన్ అయ్యాక.

పోయిన ఏడాది ఆశా కార్యకర్త టార్చి పట్టుకుని మా వీధికి వచ్చింది. పొద్దున పదకొండు గంటలు. అత్త నోరు చూసింది, పక్కింటి అవ్వ నోరు చూసింది, రాసుకుంది. ‘మగోళ్లు లేరా అక్కా?’ అని అడిగింది. పనికి పోయినారు అంది అత్త. బంకు నడిపే అబ్బాయి ఒక్కడే ఉన్నాడు. ఆమె వాడి దగ్గరికి పోయి, ఆ పొట్లాల దండ పక్కకు తోసి, నోరు తెరవమంది. వాడు నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఆదివారం వస్తానని చెప్పి పోయింది.