చేతికి నూనె రాసుకున్నారా?

మొదటిసారి పనసపండు కోసినప్పుడు నూనె సంగతి మర్చిపోయాను. పావుగంటకల్లా చాకు చేతికి, చెయ్యి కింద పరిచిన పేపరుకి అంటుకుపోయాయి. సబ్బు పెట్టి కుళాయి కింద కడిగినకొద్దీ బంక ఇంకా బిగుసుకుంది. చివరికి అమ్మ వచ్చి కాస్త కొబ్బరినూనె వేసి రుద్దితే నల్లగా ఉండలు కట్టి ఊడివచ్చింది.

తెల్లగా కారే పనస పాలలో రబ్బరు జాతి పదార్థాలు సన్నటి రేణువులుగా తేలుతుంటాయి. తడి ఆరగానే అవన్నీ ఒకదానికొకటి అతుక్కుని బంకవుతాయి. వాటికి నీళ్లతో పొత్తు కుదరదు, నూనెతో కుదురుతుంది. అందుకే కోయకముందే అరచేతులకీ చాకు అలుగుకీ నూనె పట్టించాలి. పిడికి మాత్రం వద్దు, జారి వేలు తెగుతుంది. పండును చెక్కలు చేయగానే మధ్యలోని గట్టి భాగాన్ని కోసి పారేస్తే సగం బాధ తీరినట్టే, పాలు ఎక్కువగా కారేది అక్కణ్నుంచే. రబ్బరు గ్లవ్స్ పడనివాళ్లలో కొందరికి పనస కూడా పడదు, వాళ్లు జాగ్రత్తగా ఉండాలి.

ముదురు కాయ కోసి తెచ్చాక కూడా ఇంట్లో ఒక మూలన పండుతుంది. ఇథిలీన్ అనే వాయువును తానే పుట్టించుకుంటుంది. మన ఎండాకాలంలో కొద్దిరోజుల్లోనే ఇల్లంతా వాసన. అప్పటిదాకా దాన్ని ఫ్రిజ్‌లో కుక్కే ప్రయత్నం చేయొద్దు. దాదాపు 12 డిగ్రీల కంటే చల్లదనం తగిలితే కణాల పొరలు దెబ్బతిని తొక్క నల్లబడుతుంది, తొనలు సరిగా పండవు.

ఒలిచిన తొనల సంగతి వేరు, వాటికి ఫ్రిజ్ తప్పదు. గట్టి మూత ఉన్న డబ్బాలో పెడితే రెండుమూడు రోజులు బాగుంటాయి. మూత వదులైతే మర్నాడు కాఫీ కూడా పనస వాసనే. గింజల్ని పచ్చిగా తినకూడదు. ప్రొటీన్ల అరుగుదలకు అడ్డుపడే పదార్థాలు వాటిలో ఉంటాయి. ఉడికిస్తే అవి పనిచేయవు. పనసపొట్టు కొట్టగానే నల్లబడటం మాత్రం గాలి చేసే పని, పులుపు కలిపిన నీళ్లలో వేస్తే తగ్గుతుంది.

తొన పుల్లటి వాసన కొడితే పారేయండి. తీపి ఎక్కువ కాబట్టి ఈస్టులు త్వరగా చేరి పులియబెడతాయి. 2025 జులైలో కేరళలోని పందళం బస్సు డిపోలో పొద్దున్నే పనస తిన్న డ్రైవర్లు బ్రెత్ అనలైజర్‌కి దొరికిపోయారు. తాగలేదని మొర్రోమన్నారు. పరీక్షలో సున్నా వచ్చిన ఇంకొకరికి అవే తొనలు తినిపించి మళ్లీ ఊదిస్తే, యంత్రం ఆయన్నీ తాగుబోతునే చేసింది.