సీనియర్ రికార్డుతో మీ అంకెలు కలవకపోతే

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

పిల్లలూ,

ఇంటర్‌లో ప్రాక్టికల్ రికార్డు అంటే గైడ్‌లో ఉన్నది ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించడమే. డిగ్రీకి వచ్చాక మేడమ్ "ల్యాబ్ రిపోర్టు రాసుకురండి" అనేసరికి మీకు టెన్షన్ పట్టుకుంది. అప్పుడే సీనియర్ల రికార్డుల కోసం హాస్టల్ గదులన్నీ తిరుగుతున్నారట. చాలా ఏళ్లు బోటనీ ల్యాబ్‌లో పిల్లల రికార్డులు దిద్దినవాణ్ణి కాబట్టి, ఆ రికార్డు జోలికి ఎందుకు పోకూడదో చెబుతాను.

మీరు చేయబోయే ప్రయోగమే తీసుకుందాం. ఆర్కే బీచ్ నుంచి సముద్రపు నీళ్లు తెచ్చి, మంచినీళ్లతో వేర్వేరు పాళ్లలో కలిపి, వాటిలో బంగాళదుంప ముక్కలు నానబెట్టి, బరువు ఎంత పెరిగిందో తగ్గిందో చూడటం. నీళ్లు పల్చనైతే ముక్కలోకి వెళ్తాయి, ఉప్పు ఎక్కువైతే ముక్కలోంచి బయటికి వస్తాయి. దీన్నే ద్రవాభిసరణ అంటారని స్కూల్లోనే చదివారు.

రిపోర్టులో పరిచయం ముందు ఉంటుంది గానీ, రాయడం మాత్రం పద్ధతితో మొదలుపెట్టండి. చేసింది ఇంకా గుర్తుండగానే, ఆ సాయంత్రమే రాసేయాలి. "ముక్కలు కోసి నీళ్లలో వేయవలెను" అని వంటల పుస్తకంలా రాయకండి. మీరు చేసేసిన పని అది, జరిగిపోయినట్టే చెప్పాలి. ముక్కలన్నీ ఒకే దుంపలోంచి తీశారా, తొక్క తీశారా, పొడవూ మందం ఎంత, ఎంతసేపు నానబెట్టారు, తూచేముందు పైతడి అద్దారా లేదా, ఇవన్నీ ఉండాలి. తడి అద్దకుండా తూస్తే ఆ నీటి బొట్టు బరువు కూడా దుంప ఖాతాలో పడిపోతుంది. కత్తి, ప్లేటు, పెన్ను అంటూ సామాన్ల పట్టీ మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లు ఏ రోజున, ఎక్కడ పట్టారో రాయడం. "సముద్రపు నీరు" అంటే చాలదు. మన విశాఖ సముద్రం ఏడాది పొడుగునా ఒకే ఉప్పదనంతో ఉండదు. ఎండాకాలంలో కిలో నీటికి ఉప్పు దాదాపు 34 గ్రాములు ఉంటుంది. వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది వరద నీరంతా బంగాళాఖాతం ఉత్తరాన చేరుతుంది. అక్టోబరుకల్లా తీరం వెంట ప్రవాహం దక్షిణానికి మళ్లి ఆ పల్చటి నీటిని మన ఒడ్డుకు మోసుకొస్తుంది. అప్పుడు ఉప్పు 30 గ్రాములకన్నా బాగా తగ్గిపోతుంది.

ఇప్పుడు మీ సీనియర్ ఏప్రిల్‌లో చేశాడనుకోండి. 30 శాతం సముద్రపు నీళ్లు కలిసిన గిన్నెలో అతని ముక్క బరువు పెరగలేదు, తగ్గలేదు. మీరు అక్టోబరులో చేస్తే అదే స్థితి 40 శాతం దగ్గర రావచ్చు. నీళ్లు పల్చబడ్డాయి కనుక దుంపలోని కణరసంతో సమానం కావడానికి వాటి పాలు ఎక్కువ కావాలి మరి. అది తెలియక "అయ్యో, మనది తప్పొచ్చింది" అని 40ని 30గా దిద్దారంటే, బంగాళాఖాతం మీ గిన్నెలోకి తెచ్చి చూపించిన సంగతిని మీరే చెరిపేసినట్టు. దిద్దేవాళ్లకి అది ఇట్టే తెలిసిపోతుంది కూడా. ఒక బ్యాచ్‌లో అందరి అంకెలూ దశాంశాలతో సహా కలిశాయంటే దుంపలు మాట్లాడుకుని ఉండాలి!

ఫలితాల్లో గ్రాములు కాదు, శాతాలు ఇవ్వండి. 2.40 గ్రాముల ముక్క 2.70 అయితే పెరుగుదల 12.5 శాతం, 2.00 గ్రాములది 2.30 అయితే 15 శాతం. రెండూ పెరిగింది 0.30 గ్రాములే, కానీ పోల్చడానికి శాతమే పనికొస్తుంది. గ్రాఫ్‌లో అడ్డంగా సముద్రపు నీటి పాళ్లు, నిలువుగా బరువులో మార్పు వేయండి. తగ్గినవి సున్నా కిందికి రావాలి కాబట్టి కాగితంలో చోటు ముందే వదలండి. పట్టికకు పేరు పైన, బొమ్మకు పేరు కింద. ఎందుకలా జరిగిందన్న మాట ఇక్కడ ఎత్తొద్దు.

ఎందుకన్నది చర్చలో. గీత సున్నాను ఎక్కడ దాటింది, దాన్నిబట్టి కణరసం గురించి ఏం తెలుస్తోంది, ముందు మీరు ఊహించినదానికి ఇది సరిపోయిందా అన్నది రాయండి. "నిరూపించాం" అనకండి, ఒక్క దుంపతో ఏదీ నిరూపణ కాదు. "ఊహకు బలం చేకూరింది" చాలు. ఇక పిల్లలందరికీ ఇష్టమైన మాట ఒకటుంది: "మానవ తప్పిదాల వల్ల తేడా వచ్చింది". దానికి నేనెప్పుడూ అర మార్కు కూడా వేయలేదు. ఏ తప్పిదం? దానివల్ల అంకె పెరుగుతుందా, తగ్గుతుందా? మూడో గిన్నెలో ముక్క పది నిమిషాలు ఎక్కువ నానిందనుకోండి, అది రాసి, దాని ప్రభావం ఎటువైపో చెబితే మార్కులు ఇస్తారు.

పరిచయం అన్నిటికన్నా చివర రాయండి, ఒక పేరా సరిపోతుంది. బంగాళదుంప శాస్త్రీయ నామం సొలానమ్ ట్యూబరోసమ్ రాసేటప్పుడు సొలానమ్‌కి మొదట పెద్ద అక్షరం, ట్యూబరోసమ్‌కి చిన్న అక్షరం. చేత్తో రాస్తే రెండిటి కిందా విడివిడిగా గీత గీయాలి. ఇంగ్లీషులో రాయాలని భయమైతే ముందు పక్కవాళ్లకి తెలుగులో చెప్పి చూడండి. మీకు అర్థమైతే చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లీషు అదే వస్తుంది.

ఇచ్చేముందు పద్ధతి భాగం ఒక్కటీ వేరే సెక్షన్ వాళ్లకి చదవమని ఇవ్వండి. వాళ్లు ఏ ప్రశ్న అడిగితే దానికి జవాబు అక్కడ చేర్చాలన్నమాట.

నీళ్ల కోసం ఒంటరిగా వెళ్లకండి. ఆర్కే బీచ్‌లో కెరటం లోపలికి లాగేస్తుంది. ఒడ్డున అల వచ్చి తాకేచోటే సీసా ముంచుకోండి, సీసా మీద తేదీ అక్కడే రాసేయండి.

మీ తాతయ్య